రోహిణీ కార్తెలో తోలు జాకెట్

మా ఇంట్లో బీరువా రెండో అరలో ఒక తోలు జాకెట్ ఉంది. నెల్లూరులో ఉండేవాడికి తోలు జాకెట్ ఎందుకయ్యా అని మీరు అడిగేలోపే మా అమ్మ అడిగేసింది, "ఏంది నాయనా, దాంట్లో పడి ఉడుకుతావా ఏంది" అని.

దాని పేరు ఏ-2. అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ వాళ్ళు 1931లో పైలట్లకి ఖాయం చేసిన మోడల్. నాది ఒరిజినల్ కాదులెండి, అంత సీన్ లేదు, పాతదాని కొలతలు పట్టుకుని గుర్రం తోలుతో కుట్టిన కొత్తది, డల్లాస్‌లో ఉండే మా మేనత్త కొడుకు నాలుగేళ్ళు వాడి లావైపోయి జిప్ పట్టక నాకిచ్చేశాడు. నవ్వొచ్చే సంగతేందంటే వాళ్ళ లెక్కలో ఏ అంటే ఎండాకాలం రకం, బి అంటే చలికాలం రకం. అంటే ఇది సమ్మర్ జాకెట్ అన్నమాట! రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో దీన్ని వేసుకుని ట్రంకు రోడ్డు మీద నిలబడమనండి చూద్దాం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పైలట్ల అవస్థ వేరే లెండి. బి-17 బాంబర్లు పాతిక వేల అడుగుల పైన పోతుంటే లోపల మైనస్ 40 డిగ్రీలు, అంత చలికి ఏ-2 ఏం ఆగుతుంది, అందుకని బి-3 అని గొర్రెతోలు ఉన్నితో సహా లోపలికి తిప్పి కుట్టినది వేసుకునేవాళ్ళు. మనకీ నెల్లూరు గొర్రె ఉంది కదా అంటారేమో, మన జొడిపి గొర్రె, పల్లా గొర్రె ఒంటి మీద ఉన్ని ఎక్కడుంది, పొట్టి వెంట్రుకలేగా. దాంతో బి-3 కుడితే అది ఇంకో సమ్మర్ జాకెట్ అవుతుంది.

నాకు నచ్చింది ఏ-2లోనే. దానికంటే ముందు 1927లో వచ్చిన ఏ-1కి బొత్తాలుండేవి, దీనికి జిప్ పెట్టారు. వీపంతా ఒకే ముక్క, మధ్యలో అతుకు ఉండదు, అంటే మచ్చ లేని పెద్ద తోలు దొరికితేనే కుదిరే పని. కాలర్ కొసల కింద కనపడకుండా ప్రెస్ బటన్లు, గాలికి కాలర్ లేచి మొహాన కొట్టకుండా. జేబులకి పైనుంచి మూత, పక్కనుంచి చెయ్యి దూర్చే దారి ఉండదు. ఈ రోజుల్లో షాపుల్లో ఏ-2 అని అమ్మేవాటిల్లో చాలావాటికి పక్క జేబులుంటాయి, అది చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది, సరే అది నా పిచ్చి. 1943లో వాళ్ళ వైమానిక దళం పెద్ద జనరల్ హ్యాప్ ఆర్నాల్డ్ తోలు జాకెట్లు ఇంక చాలు, గుడ్డవి చెయ్యండి అన్నాడు, అయినా పైలట్లు ఉన్నవాటిని వదల్లేదు.

మన దేశానికీ దీనికీ చుట్టరికం ఉంది. ఆ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలో కున్మింగ్‌కి సరుకు మోసిన అమెరికా పైలట్లు ఇవే వేసుకున్నారు. జాకెట్‌కి కుట్టుకునే గుర్తు గుడ్డ వాళ్ళ సీబీఐ ప్యాచ్, సీబీఐ అంటే వాళ్ళు పనిచేసిన చైనా బర్మా ఇండియా యుద్ధరంగం, పైన చైనా సూర్యుడు, భారత నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు. వాటిల్లో చాలానే ఇక్కడి బజార్లలో మనవాళ్ళే కత్తిరించి కుట్టినవి. ఒక్కదాని కొలత ఇంకోదానికి కలవదు, నక్షత్రం వంకర పోయుంటుంది, ఇప్పుడు ఆ వంకర కోసమే పాత సామాన్లు సేకరించేవాళ్ళు కొట్టుకుంటున్నారు. ఆ కుట్టినాయన పేరు మాత్రం ఎవరికీ తెలీదు. జాకెట్ వీపుకో లోపలో బ్లడ్ చిట్ అని ఒక గుడ్డ కూడా ఉండేది, ఈ పైలట్ మనవాడే, కూలిపోతే సాయం చెయ్యండి అని చైనా భాషలో రాసి. చదువుతుంటేనే గుండె జల్లుమంటుంది.

తోలు సంగతికొస్తే, మన వైపు గుట్ట మీద ఎక్కడ చూసినా పచ్చగా పూసే తంగేడు ఉంది చూశారా, దాని బెరడుతోనూ కరక్కాయతోనూ తోళ్ళు పదును చెయ్యడం దక్షిణాదిలో ఎప్పట్నుంచో ఉన్న పని. అప్పటి గుర్రం తోలు కూడా చాలామటుకు అట్టా చెట్ల బెరడు రసంతో పదును చేసిందే, అందుకే మొదట్లో రేకులాగా ఉండి వాడేకొద్దీ మెత్తబడుతుంది. అమెరికా నేవీ వాళ్ళ జీ-1 జాకెట్ మాత్రం మేక తోలు, సన్నటి గింజలు గింజలుగా ఉంటుంది చేత్తో రాస్తే.

ఇంక నా ఘనకార్యం. పోయిన నవంబరు ముసురుకి వారం రోజులు బీరువా తియ్యలా. తీసేసరికి జాకెట్ మీద తెల్లగా బూజు, ఉన్నితో అల్లిన మణికట్టు పట్టీని పురుగు కొట్టేసి నాలుగు బొక్కలు. కంగారులో మిద్దె మీద ఎండలో ఆరేశా, మళ్ళీ ఎండ ఎప్పుడు పోతుందో అని. రెండు గంటలకి అప్పడంలాగా బిగుసుకుపోయింది. తుడిచి నీడలో ఫ్యాన్ కింద వేలాడదీయాల్సింది, తర్వాత తెలిసింది. కొత్త పట్టీలు తెప్పించి టైలర్ దగ్గరికి పోతే మిషన్ మీద వేసేస్తా అన్నాడు, నాకు మనసొప్పలా. చివరికి చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నా. ఆయన చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, గోటితో గీరాడు, "ఇది మేకా కాదు, గేదే కాదు, ఏంది నాయనా" అన్నాడు. గుర్రం అన్నా. కాసేపు మాట్లాడలా. తర్వాత పాత దారం తీసేసి, మైనం పట్టిన దారంతో పాత బొక్కల్లోంచే ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కుట్టాడు. "గుడ్డయితే సూది బొక్క పూడుద్ది, తోలుకి పడిందంటే పడినట్టే, పక్కన ఇంకోటి పొడిస్తే చింపుకున్నట్టే గదా" అని. రెండు చేతులకి గంటన్నర పట్టింది, నేను కదల్లా అక్కణ్ణించి.

జనవరిలో ఒక్కరోజు వేసుకున్నా. పొద్దున్నే అయిదింటికి బండి మీద మైపాడు బీచ్‌కి, మంచు బాగానే ఉంది, నిజం పైలట్‌లాగే ఉన్నా అనుకున్నా. తిరిగొచ్చేటప్పుడు ఎనిమిదింటికి చెమటలు, విప్పి పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని టీ అంగడి దగ్గర ఆపా. పక్కనాయన వేలితో జాకెట్ నొక్కి చూసి అడిగాడు, "రెక్సినా అబ్బయ్యా?"