పాత క్రిస్మస్ చెట్టుకు కొత్త పని

ఒంగోలులోని మా ఇంట్లో పదిహేనేళ్లుగా ప్రతి డిసెంబరులోనూ నిలబడిన ఆరడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టును మొన్న అటక మీద నుంచి దించేసరికి, స్టాండు కాలు విరిగి, పైకొమ్మల ఆకులు సగం రాలిపోయి ఉన్నాయి. పాత సామాను కొనే అతను మధ్య ఇనుప కడ్డీ ఒక్కటే తీసుకుంటానన్నాడు. సన్నని తీగల మధ్య పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) ఆకులను మెలివేసి చేసిన కొమ్మలను విడదీయడం అతనికి గిట్టుబాటు కాదట. తగలబెడదామన్నాడు తమ్ముడు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి కనుక నేను ఒప్పుకోలేదు.

చివరకు కటింగ్ ప్లేయరుతో కొమ్మలన్నీ కత్తిరించి, బాగున్నవాటిని గుండ్రంగా వంచి వీధి తలుపుకు దండగా కట్టాము. పొట్టి కొమ్మలు పిల్లలు పేర్చిన క్రిస్మస్ పశువుల పాక బొమ్మ వెనుక కొండలయ్యాయి (ఒంగోలు పిల్లలు కదా, ఆ పాకలో మూపురమున్న మట్టి గిత్తను కూడా నిలబెట్టారు). చాలా పాత పీవీసీలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, రాలిన ఆకుల పొడిని మాత్రం పిల్లలను ముట్టనివ్వకుండా తడిగుడ్డతో నేనే తుడిచాను. ఇనుప కడ్డీని అమ్మ అమ్మనివ్వలేదు; పెరట్లో కాకర పాదుకు ఊతంగా పాతింది. తీగ అప్పుడే సగం దూరం పాకింది.