ఓవెన్‌లో పొంగే జర్మన్ ఆపిల్ పాన్‌కేక్

జర్మన్ ఆపిల్ పాన్‌కేక్‌లో బేకింగ్ పౌడర్ గానీ, వంటసోడా గానీ, ఈస్టు గానీ ఉండవు. గుడ్లు, పాలు, మైదా కలిపిన జారు పిండిని వెన్నలో మగ్గిన ఆపిల్ బద్దల మీద పోసి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెడితే, ఇరవై నిమిషాలలోపే అది పెనం అంచులు దాటి పైకి లేచి బంగారు రంగు తిరుగుతుంది. బయటికి తీసిన కాసేపటికి నెమ్మదిగా కుంగుతుంది. ఈ పొంగంతా ఆవిరి చేసే పని. కాగిన నూనెలో పడిన పూరీ ఏ కారణం చేత పొంగుతుందో, ఇదీ ఆ కారణం చేతనే పొంగుతుంది. అందువల్ల ఈ వంటలో మన శ్రద్ధ కొలతల మీద కన్నా వేడి మీద ఎక్కువగా ఉండాలని నా గట్టి నమ్మకం. చాలా వంటల పుస్తకాలు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాయి కాబట్టి, నేను దాని గురించే కొంత విస్తారంగా రాయాలనుకున్నాను.

పేరులో జర్మనీ ఉన్నప్పటికీ, ఓవెన్‌లో పొంగించి ఉదయం పూట తినే ఈ రూపం అమెరికాలో స్థిరపడింది. జర్మనీలో ఆపిల్ పాన్‌కేక్‌ను సాధారణంగా పొయ్యి మీదే, పెనంలో ఆపిల్ ముక్కలు పరచి, పిండి పోసి, తిరగేసి కాలుస్తారు. అక్కడ దానిని చాలామంది మధ్యాహ్నమో రాత్రో తీపి భోజనంగా తింటారు. జర్మన్ల ఉదయపు బల్ల మీద కనిపించేవి రొట్టెలు, వెన్న, జామ్, చీజ్, ఉడికించిన గుడ్డు వంటివే. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో సియాటిల్ నగరంలో విక్టర్ మాంకా నడిపిన ఫలహారశాల ఇటువంటి పొంగే పాన్‌కేక్‌ను డచ్ బేబీ అన్న పేరుతో ప్రసిద్ధం చేసింది. దానిని నిమ్మరసం, పంచదార పొడితో వడ్డించేవారు. 1953లో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన ఒరిజినల్ పాన్‌కేక్ హౌస్‌లో ఆపిల్ పాన్‌కేక్ ముఖ్యమైన వంటకంగా నిలిచింది. నేను ఉండే షికాగో ప్రాంతంలో విల్మెట్ పట్టణంలో వాకర్ బ్రదర్స్ పేరుతో ఉన్న దాని శాఖకు దీనికోసమే వెళ్లేవారు ఎందరో ఉన్నారు. శనివారం ఉదయం అక్కడ వరుసలో నిలబడడం కూడా ఈ ఊరి ఆచారాల్లో ఒకటి. ఇంట్లో చేసుకునేది అంత పెద్దదిగా, అంత దట్టమైన పాకంతో ఉండదు. అయినా ఓవెన్ నుంచి తీసిన మరుక్షణం తినగలిగే వీలు ఇంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు వేడి సంగతి. పిండి వేడి పెనానికి తగలగానే అడుగున, అంచుల వెంట ఉన్న నీరు ఆవిరిగా మారడం మొదలుపెడుతుంది. నీరు ఆవిరైనప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరిని తప్పించుకోనివ్వకుండా పట్టి ఉంచేవి గుడ్లలోని మాంసకృత్తులూ, మైదాకు సాగే గుణాన్నిచ్చే గ్లూటెనూ. గుడ్డు తెల్లసొన 60 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత గట్టిపడడం మొదలై, 80 డిగ్రీల దగ్గర బాగా బిగుస్తుంది. అదే సమయంలో మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బి, ఆ పలుచని గోడలకు బలాన్నిస్తుంది. అంటే పిండి ముందు సాగాలి, సాగిన తరువాత బిగుసుకోవాలి. పెనం చల్లగా ఉంటే ఈ వరుస తప్పుతుంది. పిండి నెమ్మదిగా వేడెక్కుతూ, తగినంత ఆవిరి పుట్టేలోగానే గట్టిపడి, మందంగా, బరువుగా మిగిలిపోతుంది. రుచికి చెడ్డగా ఉండదు, కానీ అది ఈ వంటకం కాదు. ఓవెన్ వేడి కన్నా పెనం వేడి ముఖ్యమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఈ కారణం చేతనే నేను క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) పెనాన్ని ఎంచుకుంటాను. దాని మందం వల్ల అది వేడెక్కడానికి సమయం తీసుకున్నా, ఒకసారి వేడెక్కితే పిండి పోసినప్పుడు వెంటనే చల్లబడదు. అడుగున 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పెనానికి ఈ కొలతలు సరిపోతాయి: 3 పెద్ద గుడ్లు, 180 మిల్లీలీటర్ల పాలు, సుమారు 95 గ్రాముల మైదా, ఒక పెద్ద చెంచా పంచదార, పావు చిన్న చెంచా ఉప్పు, కొద్దిగా వెనిలా, గోటితో గిల్లినంత జాజికాయ పొడి. ఆపిల్స్ కోసం మధ్యస్థంగా ఉన్నవి 2, వెన్న 45 గ్రాములు, బ్రౌన్ షుగర్ 3 పెద్ద చెంచాలు, దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, సగం నిమ్మకాయ రసం కావాలి. ముగ్గురికి ఇది చాలు.

పిండిని ముందుగానే కలిపి పెట్టుకోవాలి. గుడ్లను గిలక్కొట్టి, పాలు పోసి, మైదాను జల్లించి వేసి ఉండలు కట్టకుండా కలిపితే సరిపోతుంది. మిక్సీలో తిప్పినా ఏ లోటూ ఉండదు. కలిపిన పిండిని కనీసం 20 నిమిషాలు, వీలైతే అరగంట పక్కన ఉంచితే మైదా పాలను పూర్తిగా పీల్చుకుని, పిండి నునుపుగా తయారవుతుంది. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ ఉదయం వాడడానికి అరగంట ముందు బయటికి తీయడం మరిచిపోకూడదు. చల్లటి పిండి పడితే, ఎంతో ఓపికగా వేడి చేసుకున్న పెనం ఆ వేడిని పోగొట్టుకుంటుంది. గుడ్లూ పాలూ గది వేడిలో ఉండాలనడంలోని ఉద్దేశం కూడా ఇదే.

ఆపిల్ ఎంపికలో నేను రాజీ పడను. పులుపు ఉండి, ఉడికినా ఆకారం చెదరని రకం కావాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ సమీపంలో 1868లో మారియా ఆన్ స్మిత్ తోటలో మొలిచిన చెట్టు నుంచి వచ్చిన గ్రానీ స్మిత్ ఇందుకు చక్కగా సరిపోతుంది. జర్మనీలో ఇటువంటి వంటలకు పులుపు దండిగా ఉన్న బోస్కోప్ రకాన్ని ఇష్టపడతారు. హాంబర్గ్ పక్కన ఎల్బే నది ఒడ్డున ఉన్న ఆల్టెస్ లాండ్ అన్న విశాలమైన పండ్లతోటల ప్రాంతంలో ఆపిల్ ప్రధానమైన పంట. మెకిన్‌తోష్ వంటి రకాలు వేడి తగలగానే గుజ్జుగా మారిపోతాయి, అవి సాస్‌కు బాగుంటాయి గానీ దీనికి పనికిరావు. హైదరాబాదులోనో విజయవాడలోనో చేసుకునేవారికి వానాకాలం చివర హిమాచల్ నుంచి వచ్చే తియ్యటి ఆపిల్స్ సులభంగా దొరుకుతాయి. వాటితో చేసేటప్పుడు నిమ్మరసం రెట్టింపు చేసి, పంచదారను మూడో వంతు తగ్గించి, కొంచెం గట్టిగా ఉన్న కాయలను ఎంచుకోవాలి. తొక్క తీసి, గింజల భాగం తొలగించి, అర సెంటీమీటరు మందంతో బద్దలుగా తరుక్కోవాలి. మరీ పలుచగా తరిగితే పాకంలో కనబడకుండా పోతాయి.

ఆపిల్ బద్దలను పచ్చిగా పిండిలో కలిపే పద్ధతి కూడా ఉంది. నేను దానిని సమర్థించను. ఆపిల్‌లో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే ఉంటుంది. ఆ నీరు ఓవెన్‌లో మెల్లగా ఊరి, పాన్‌కేక్ మధ్య భాగాన్ని తడిగా ఉంచుతుంది. అదే పెనంలో పొయ్యి మీద ముందుగా మగ్గబెడితే నీరు చాలావరకు ఇంకిపోయి, రుచి చిక్కబడుతుంది, పెనం కూడా వేడెక్కి సిద్ధంగా ఉంటుంది. మధ్యస్థమైన మంట మీద వెన్న కరిగించి, బద్దలు వేసి, నాలుగైదు నిమిషాలు కదుపుతూ మగ్గనివ్వాలి. అంచులు మెత్తబడి మధ్యలో ఇంకా కొద్దిగా బిరుసు ఉన్నప్పుడు బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క పొడి, నిమ్మరసం వేసి, పాకం బుడగలు వచ్చేదాకా మరో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. బ్రౌన్ షుగర్ లేకపోతే బెల్లం తురుము వాడవచ్చు. మంచి బెల్లంతో రుచి ఇంకా లోతుగా ఉంటుందని నాకు అనిపిస్తుంది. అయితే అది త్వరగా మాడుతుంది కాబట్టి చివరి నిమిషంలోనే వేయాలి.

కొవ్వు విషయంలో తెలుగు వంటింటికి ఒక అదనపు వసతి ఉంది. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు, కొద్దిగా పాలలోని ఘనపదార్థం ఉంటాయి. ఆ ఘనపదార్థమే వేయించినప్పుడు కమ్మటి వాసననిస్తుంది, వేడి మితిమీరితే మాడేదీ అదే. నెయ్యిలో అది లేదు. నేను 30 గ్రాముల వెన్నతో ఆపిల్స్‌ను మగ్గించి, మిగిలిన భాగానికి బదులు ఒక పెద్ద చెంచా నెయ్యిని పెనం గోడలకు పైదాకా పూస్తాను. పిండి ఎక్కవలసినది ఆ గోడల మీదే. అక్కడ జిడ్డు లేకపోతే పట్టుకుని ఆగిపోతుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు పెట్టి, కనీసం 20 నిమిషాల ముందే వెలిగించాలి. ఆపిల్ బద్దలను పెనం మధ్యలోకి సర్ది, అంచుల వెంట రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంచి, పెనాన్ని మూడు నిమిషాలు ఓవెన్‌లో పెట్టాలి. తరువాత బయటికి తీసి, పిండిని ఒకసారి కలిపి, ఆలస్యం చేయకుండా అంతా ఒకేసారి పోసి, కలియబెట్టకుండా తిరిగి లోపల పెట్టాలి. పిండి పడగానే అంచున చుయ్యిమని శబ్దం రావాలి. అది వినిపించిందంటే సగం పని అయినట్టే. అంచుల దగ్గర బరువు లేదు కాబట్టి అక్కడ ఎక్కువగా లేస్తుంది, ఆపిల్స్ ఉన్న మధ్య భాగం తక్కువగా లేస్తుంది. ఆపిల్స్ లేని డచ్ బేబీ ఇంతకన్నా ఎత్తుగా పొంగుతుంది, దీని నుంచి అంత ఎత్తు ఆశించకూడదు.

15 నుంచి 18 నిమిషాల వరకు ఓవెన్ తలుపు తెరవకూడదు. గోడలు ఇంకా బిగుసుకోని దశలో లోపలి వేడి పడిపోతే, లోపలి ఆవిరి చల్లబడి పొంగు దిగిపోతుంది. రంగు ముదురు బంగారంలోకి వచ్చాక వేడిని 180 డిగ్రీలకు తగ్గించి, మరో ఐదారు నిమిషాలు ఉంచితే మధ్యలో పచ్చి లేకుండా ఉడికి, అంచులు కరకరలాడతాయి. ఈ చివరి ఐదు నిమిషాలను చాలామంది వదిలేస్తారు, వదలకపోవడమే మంచిది. బయటికి తీశాక అది కుంగడం సహజం. లోపలి ఆవిరి చల్లబడి నీరుగా మారుతుంది కాబట్టి, ఎంత బాగా చేసినా కుంగుతుంది. తినేవారిని ముందే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఒక్కటే దీనికి మార్గం.

మన ఊళ్లలో ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవారు పైనా కిందా రెండు కడ్డీలూ వేడెక్కేలా పెట్టి, పెనాన్ని కింది అరలో ఉంచాలి. పై కడ్డీకి దగ్గరగా ఉంటే పొంగిన అంచు ముందే మాడుతుంది. కన్వెక్షన్ (వేడి గాలితో కాల్చే) సౌకర్యం ఉన్న మైక్రోవేవ్‌లో అంత వేడి రాకపోతే, వచ్చినంత గరిష్ఠ వేడికి పెట్టి ఐదు నిమిషాలు అదనంగా ఉంచవచ్చు, అయితే పొంగు తగ్గుతుంది. పిడికి చెక్క గానీ ప్లాస్టిక్ గానీ ఉన్న పెనం వాడకూడదు. తగిన పెనం లేకపోతే మందపాటి కేకు గిన్నె వాడవచ్చు. అప్పుడు ఆపిల్స్‌ను పొయ్యి మీద వేరే మూకుడులో మగ్గించి, నెయ్యి రాసి వేడి చేసిన గిన్నెలోకి మార్చుకోవాలి. వేడెక్కిన గాజు పాత్రలో పిండి పోయడం ప్రమాదకరం, అది పగలవచ్చు.

గుడ్డు లేకుండా దీనిని చేయవచ్చా అని మా బంధువుల్లో శాకాహారులు తరచుగా అడుగుతుంటారు. చేయలేమనే నేను చెబుతాను. సాగి, బిగుసుకుని, ఆవిరిని పట్టి ఉంచే పనిలో పెద్ద భాగం గుడ్డుదే. దాని స్థానంలో పెరుగో, అవిసె గింజల పొడో వేస్తే ఆపిల్ రొట్టె వస్తుంది గానీ ఈ పాన్‌కేక్ రాదు. వారి కోసం అదే ఆపిల్ పాకాన్ని చేసి, గోధుమ అట్ల మీద వేసి వడ్డించడం నాకు న్యాయంగా తోస్తుంది.

వడ్డనలో పైన జల్లించిన పంచదార పొడి, పక్కన నిమ్మ ముక్క చాలు. మేపుల్ సిరప్ పోసేవారున్నారు, కానీ అడుగున పాకం ఉండగా పైన మరో తీపి ఎందుకో నాకు అర్థం కాదు. చిలికిన క్రీమ్ కన్నా, తీపి కలపని గట్టి పెరుగు ఒక చెంచా పక్కన పెట్టుకుంటే రుచి సమంగా ఉంటుంది. మిగిలిన ముక్కలను మైక్రోవేవ్‌లో కాకుండా, మూత పెట్టని పెనం మీద సన్న సెగకు వేడి చేస్తే అంచుకు కొంతైనా కరకర తిరిగి వస్తుంది. పెనానికి అంటిన పాకాన్ని గీకవలసిన అవసరం లేదు. గోరువెచ్చని నీరు పోసి కొన్ని నిమిషాలు ఉంచితే అదే కరిగిపోతుంది. ఆ తరువాత కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టాలి.