14 నెలల పాత ఈస్ట్ మళ్లీ లేచింది

ఇంట్లో బీరు కాచే నాకు ఫ్రిజ్‌లో వెనక మూలన ఇంగ్లిష్ ఏల్ (ఒక రకం బీరు) లిక్విడ్ ఈస్ట్ ప్యాకెట్ ఒకటి దొరికింది. తయారీ తేదీ చూస్తే 14 నెలలు దాటింది. ఆ ఈస్ట్ ఇచ్చే పండ్ల వాసన నాకు ప్రాణం, పారేయడానికి మనసొప్పలేదు.

ముందు లెక్క చూసుకున్నాను. కొత్త ప్యాకెట్‌లో సుమారు 10,000 కోట్ల కణాలు ఉంటాయనుకుందాం. చల్లగా దాచినా నెలకు ఐదో వంతు పోతాయన్నది ఇంట్లో బీరు కాచేవాళ్ల మోటు లెక్క. ఆ చొప్పున మిగిలేది 440 కోట్లు. 1.048 గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత, చక్కెర ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది) ఉన్న 20 లీటర్ల ఏల్‌కు కావలసినవి దాదాపు 18,000 కోట్లు. ఉన్న కాసిన్నిటినీ ఒకేసారి 2 లీటర్ల వోర్ట్‌లో (బీరుగా పులిసే తీపి మాల్ట్ నీళ్లలో) పోస్తే అవి పుంజుకునేలోపే బాక్టీరియా పుంజుకుంటుంది. అందుకే మెట్లు మెట్లుగా వెళ్లాను.

మొదటి మెట్టు, శుక్రవారం రాత్రి. 250 మి.లీ. నీళ్లలో 13 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ చక్కెరల పొడి), చిటికెడు ఈస్ట్ న్యూట్రియంట్ వేసి 15 నిమిషాలు మరిగించాను. గ్రావిటీ 1.020. మామూలు స్టార్టర్‌కు (ఈస్ట్‌ను ముందుగా పెంచుకునే చిన్న వోర్ట్‌కు) 1.036 దాకా పెడతాం గానీ, నిల్వ శక్తి అయిపోయిన కణాలకు చిక్కటి వోర్ట్ భారం. 22 డిగ్రీలకు చల్లారాక ప్యాకెట్, కత్తెర, ఫ్లాస్క్ అన్నీ శానిటైజర్‌తో తడిపి ఈస్ట్ పోశాను. మూతికి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) పెట్టలేదు, ఫాయిల్ వదులుగా కప్పాను. కణాలు పెరగాలంటే ఆక్సిజన్ కావాలి. అటు వెళ్లినప్పుడల్లా ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పి వచ్చాను.

శనివారం రాత్రికి కూడా ఏమీ లేదు. నురుగు లేదు, బుడగ లేదు. చాలామంది ఇక్కడే పారబోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చిన్న స్టార్టర్‌లో నురుగు ఒక్కోసారి అసలు కనపడదు, మనం నిద్రపోతున్నప్పుడు వచ్చి పోతుంది కూడా. నమ్మాల్సింది గ్రావిటీని. 250 మి.లీ.లోంచి హైడ్రోమీటర్ (తేలుతూ గ్రావిటీ చూపే పరికరం) గొట్టానికి సరిపడా తీస్తే మిగిలేది తక్కువ కాబట్టి, కాంతి వంపును బట్టి చక్కెరను కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కలు వేశాను. మొదట 5 బ్రిక్స్ (చక్కెర శాతం). ఆదివారం పొద్దున 4. అంటే తింటున్నాయి! సోమవారం పొద్దునకు 3 దగ్గర ఆగింది. ఆల్కహాల్ కలిశాక ఈ పరికరం అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది కనుక నిజానికి ఇంకా కిందికే దిగి ఉంటుంది.

రెండో మెట్టు: 75 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్‌తో 750 మి.లీ. వోర్ట్ మరిగించి, చల్లార్చి అదే ఫ్లాస్క్‌లో కలిపాను. 10 గంటల్లో రెండు వేళ్ల మందాన నురుగు.

అది ఆగాక ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి పైన తేరిన ద్రవాన్ని వంపేశాను. కొంచెం గ్లాసులో పోసుకుని రుచి చూశాను: చప్పబడిన బీరు, బ్రెడ్ వాసన. వెనిగర్ పులుపో, కాలిన రబ్బరు కంపో తగిలి ఉంటే మొత్తం పారబోసేవాణ్ణి, అక్కడ మాత్రం మొహమాటం పనికిరాదు. అడుగున పాత ప్యాకెట్‌లోని ఈస్ట్‌లాగా వేరుశనగ ముద్ద రంగు కాదు, మీగడ రంగు పొర ఉంది. దాని మీద మూడో మెట్టుగా 2 లీటర్లు, 200 గ్రాములు. రెండు రోజుల పులియబెట్టడం, మళ్లీ రెండు రోజుల ఫ్రిజ్.

నిన్నటి ముందు రోజు సాయంత్రం 20 లీటర్ల వోర్ట్‌లో 19 డిగ్రీల దగ్గర వేశాను. వేసిన 11 గంటలకు ఎయిర్‌లాక్ కదిలింది. ఈ ఉదయం గ్రావిటీ 1.026, పండ్ల వాసన అప్పుడే మొదలైంది. మూడో మెట్టు ముద్దలోంచి 100 మి.లీ. ముందే సీసాలోకి తీసి, తేదీ రాసి, ఈసారి ఫ్రిజ్ ముందు అరలో పెట్టాను.