తాళ్లపాలెం దాటాక మొదలయ్యే ఎండ

ఫోనులో నర్సీపట్నం అని కొట్టి చూస్తే 37 డిగ్రీలు అని వచ్చింది. ముందురోజు సాయంత్రం రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చిన మండలాలవారీ జాబితాలో మాత్రం అదే ఊరు వడగాలుల వరసలో ఉంది, 41 దాకా పోవచ్చన్నారు. ఒకే ఊరు, ఒకే రోజు, నాలుగు డిగ్రీల తేడా. పెళ్లికో, ఆస్పత్రికో, ఎమ్మార్వో ఆఫీసులో సంతకానికో వెళ్లే మనిషి చూసుకునేది మొదటి అంకెనే. ముసలమ్మని తోడు తీసుకుని మిట్టమధ్యాహ్నం బస్టాండులో దిగేదీ ఆ అంకెని నమ్మే. ఆ కోపంతోనే కృత్తిక కార్తెలో విశాఖ నుంచి నర్సీపట్నం బస్సెక్కాను, చేతిలో తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ మీటరుతో.

తేడా ఎందుకొస్తుందో ముందే చెబుతాను. ఫోను యాప్‌లలో చాలావాటికి అంకెలిచ్చే ప్రపంచ మోడళ్లు, అంటే వాతావరణాన్ని అంచనా కట్టే కంప్యూటరు లెక్కలు, భూమిని 9 నుంచి 13 కిలోమీటర్ల గళ్లుగా కోస్తాయి. మన దగ్గర సముద్రం నుంచి తూర్పు కనుమల పాదాల దాకా ఉన్నది నలభై యాభై కిలోమీటర్లే. ఆ కాస్త జాగాలో తీరం, యారాడ కొండ, చెరకు పొలాలు, మామిడి తోటలు, ఎండిన మెట్ట అన్నీ నాలుగైదు గళ్లలో ఇరుక్కుంటాయి. సముద్రపు గాలి లోపలికి ఎంతదాకా వస్తుందన్నది మోడల్ ఒక్క గడి తప్పు లెక్కేసినా నర్సీపట్నం చల్లబడిపోతుంది, కాగితం మీద. మన వాతావరణ శాఖ 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థ మొదలుపెట్టింది, అంతకుముందు అది 12. అందుకే లోపలి ఊళ్లకి వెళ్లేటప్పుడు వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్, మండలాల జాబితా ఈ రెండూ చూడాలి. ఫోనుతోపాటే వచ్చే బొమ్మల సూర్యుణ్ణి చూసి బయల్దేరకూడదు.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్న ఏడింటికి మీటరు 30 డిగ్రీలు, తేమ 78 శాతం చూపించింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సీటు ఎంచుకునే విషయంలో ఒక లెక్క ఉంది. బస్సు తాళ్లపాలెం దాకా దాదాపు పడమరకే పోతుంది కాబట్టి పొద్దుటి ఎండ వెనకనుంచి పడుతుంది, ఎటు కూర్చున్నా ఒకటే. తాళ్లపాలెంలో హైవే దిగి కుడికి తిరిగాక దారి వాయవ్యానికి పోతుంది. అప్పుడు కుడివైపు సీట్లన్నీ ఎండలోనే. తిరుగు ప్రయాణం సాయంత్రమైతే ఎండ వెనకనుంచి కుడిపక్కగా వస్తుంది. అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎడమపక్కే కూర్చోవాలి. ఇంజను పక్క సీటు ఖాళీగా ఉందని సంబరపడొద్దు.

ఎన్ఏడీ కూడలి దాటి ఎయిర్‌పోర్టు పక్కనుంచి పోతున్నప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. విశాఖ ఉష్ణోగ్రత అని పేపర్లో వచ్చే అంకెలు రెండు: ఒకటి వాల్తేరుది, ఒకటి ఎయిర్‌పోర్టుది. వాల్తేరు సముద్రానికి దగ్గర, ఎండాకాలం పగటిపూట అక్కడ తక్కువ ఉంటుంది. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు ఎయిర్‌పోర్టు అంకె చూసుకోవడం మేలు, సముద్రానికీ వాళ్లకీ మధ్యలో యారాడ కొండ అడ్డం ఉంది కదా. లంకెలపాలెం, అనకాపల్లి, కశింకోట మామూలుగానే గడిచిపోయాయి.

తాళ్లపాలెం మలుపు తిరిగిన పావుగంటకి గాలి మారింది. కిటికీలోంచి అప్పటిదాకా వచ్చిన జిగురుగాలి పోయి పొడిగా, ముఖం మీద చర్మం బిగిసేలా గాడ్పు మొదలైంది. మాకవరపాలెం దగ్గర తొమ్మిదిన్నరకి 35 డిగ్రీలు, తేమ 48 శాతం. ఇది పడమటి గాలి. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ వైపు కాగిన నేల మీదుగా వస్తుంది, కనుమలు దిగేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది. అది బలంగా ఉన్న రోజు సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. మామూలు రోజున సముద్రపు గాలి పదింటికో పదకొండింటికో తీరంలో లేచి మెల్లగా లోపలికి నడుస్తుంది. నర్సీపట్నానికి అది చేరేసరికి సాయంత్రమైపోతుంది, కొన్ని రోజులు అసలు చేరదు. విశాఖలో ఎండ ఎక్కువగా పన్నెండు, ఒంటిగంట లోపే గరిష్ఠానికి పోయి తగ్గుముఖం పడితే, లోపల మూడింటిదాకా పెరుగుతూనే ఉండేది అందుకే.

బస్టాండులో దిగాక మొదట తగిలింది నీళ్ల సీసా గొడవ. సీసా మీద ముద్రించింది 20 రూపాయలు, అడిగింది 25. అదేమంటే కూలింగ్ చార్జీ. ఎండాకాలంలో నీళ్లమీద ఐదు రూపాయలు గుంజడం నాకు నచ్చదు, పక్కనే చలివేంద్రం కనిపిస్తుంటే ఇవ్వాల్సిన పని అంతకన్నా లేదు.

ఆ చలివేంద్రం గురించే అసలు చెప్పాలి. తాటాకు పందిరి, కింద తడి ఇసుక పరిచిన తొట్టి, అందులో నాలుగు ఎర్రమట్టి కుండలు, వాటి చుట్టూ తడిపిన గోనెపట్టా. ఒక పెద్దాయన స్టీలు గ్లాసులో పోసిచ్చారు. మీటరు వైరు చివరి మొన కడిగి, రెండో గ్లాసులో ముంచి చూస్తే 27 డిగ్రీలు. అప్పటికి పందిరి నీడలో గాలి 39. అదే వారం విశాఖలో మా వీధి చివర చలివేంద్రంలో కుండనీళ్లు 30కి తగ్గలేదు, అక్కడ గాలి 34 డిగ్రీలే.

ఎండ ఎక్కువున్న ఊళ్లో నీళ్లు ఎక్కువ చల్లగా ఉండటానికి కారణం తేమ. కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఆవిరి. 41 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్నచోట ఇలా చల్లబడే హద్దు 26, 27 దగ్గరుంటుంది. 34 డిగ్రీలు, 70 శాతం ఉన్నచోట 29 దగ్గరే ఆగిపోతుంది. ఎయిర్ కూలర్ నర్సీపట్నంలో బాగా పనిచేసి విశాఖ ఎంవీపీ కాలనీలో గదిని ఆవిరిగది చేసేదీ, మెడమీద తడి తువ్వాలు అక్కడ హాయిగా ఉండి బీచ్ రోడ్డులో ఒట్టి బరువయ్యేదీ దీనివల్లే.

ఇదంతా ఆ పెద్దాయన రెండు మాటల్లో తేల్చేశారు.

"పడమటి గాలున్నంతసేపూ కుండ సల్లగుంటాది బాబూ. తూరుపు గాలి తిరిగిందంటే నీల్లు ఏడెక్కిపోతాయి."

"మరి కుండ ఎన్నాళ్లకి మారుస్తారు తాతా?"

"ఏటా కొత్తయ్యే. పాతదాని బెజ్జాలు ఉప్పు పట్టి పూడుకుపోతాయి, ఇంక ఊరదు. రంగులేసిన కుండలు తెచ్చేరు పోయినేడు, అయ్యేటి పనికొస్తాయి?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే కుండ ఒక్క సీజనులోనే మూసుకుపోతుంది. పైన తెల్లగా పేరుకున్నప్పుడల్లా కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి, సబ్బు పెట్టకూడదు. పెయింటు వేసిన కుండ కొనకూడదు. గాలి ఆడని మూల పెట్టకూడదు, నీడలో గుమ్మం పక్కన పెట్టాలి.

పన్నెండుకి కాస్త ముందు రోడ్డు మీద నిలబడితే నీడ కాళ్ల కిందికే వచ్చేసింది. మే రెండో వారంలో మన అక్షాంశం మీద సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అలాగని గరిష్ఠ ఉష్ణోగ్రత అప్పుడు ఉండదు. నేల కాగి గాలిని కాచడానికి ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. మీటరు రెండుంపావుకి 40, మూడింటికి 41.2 చూపించింది, తేమ 30 శాతం. కొలవాలనుకునేవాళ్లకి ఒక మాట: మీటరు చేత్తో పట్టుకోకూడదు, గోడకి తగిలించకూడదు. చెట్టునీడలో ఛాతీ ఎత్తున వేలాడదీసి పది నిమిషాలు ఆగాలి. ఎండలో పెట్టి 48 వచ్చిందని వాట్సాప్‌లో పంపేవాళ్లు కొలిచేది గాలి వేడి కాదు, ప్లాస్టిక్ డబ్బా వేడి.

అలాగని విశాఖవాళ్లు 34 చూసి నిశ్చింతగా ఉండకూడదు. 34 డిగ్రీలకి 70 శాతం తేమ కలిస్తే ఒంటికి తెలిసేది 46కి పైనే. నర్సీపట్నం 41కి 30 శాతం కలిస్తే 45. రెండు ఊళ్లూ దాదాపు సమానమే, దెబ్బతీసే తీరు వేరు. విశాఖలో చెమట కారుతుంది, ఆరదు, ఒళ్లు చల్లబడదు. నర్సీపట్నంలో చెమట పట్టినట్టే తెలియదు, పుట్టినది పుట్టినట్టే ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే ఇక్కడ దాహంతో పని లేకుండా అరగంటకో గ్లాసు తాగాలి. మజ్జిగలో ఉప్పు వేసుకోవాలి, చోడి (రాగి) అంబలి అయితే మరీ మంచిది. ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో, ఎన్ని నీళ్లలో కలపాలన్నారో చదవాలి. పెద్ద ప్యాకెట్ లీటరుకి, దాన్ని ఒక గ్లాసులో కలిపి పిల్లలకి పట్టిస్తే ప్రమాదం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది నీరసం కాదు, వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడకి చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

మూడు దాటాక ముంజలమ్మే ఆమె గంప సర్దేయడం మొదలుపెట్టింది. డజను వంద, విశాఖకంటే ఏమీ తక్కువ కాదు. చెట్లు ఊరి చివరే ఉన్నా ఇదేం ధర అంటే చెట్టెక్కేవాళ్లు దొరకడం లేదంది, ఆ మాట కాదనలేం. ఇంత ఎండలో అప్పుడే సర్దేస్తున్నావేమిటమ్మా అని అడిగితే చింతపల్లి కొండలవైపు చెయ్యి చూపించింది.

"తెల్లమబ్బు లేచినాది బాబూ. దాని అడుగు నల్లబడతాంది. గాలేసిందంటే పందిరే ఉండదు."

కొండమీద క్యాలీఫ్లవర్‌లా ఒక మబ్బు పొంగుతోంది. మామూలుగా జరిగేది ఇది: పొద్దుటినుంచి కాగిన కనుమల మీద, పడమటి పొడిగాలీ బంగాళాఖాతం తేమా కలిసేచోట మబ్బులు నిలువుగా లేస్తాయి. పైగాలులు వాటిని తూర్పుకి తోస్తాయి. నాలుగైదింటికల్లా మైదానం మీద పడతాయి. మబ్బు అంచు పదును తగ్గి, పైన కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుందంటే పిడుగులకి సిద్ధమైనట్టు. పొద్దున్న ముందస్తు సూచనలో 'అక్కడక్కడ ఉరుములతో జల్లులు' అన్న ఒక్క ముక్కకి ఇక్కడ ఇంత అర్థం ఉంది. ఏ గ్రామం మీద పడుతుందో పొద్దున్నే ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్నం నుంచి చూడాల్సింది వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకి ఇచ్చే తక్షణ హెచ్చరిక, విశాఖ కైలాసగిరి మీద మబ్బుల్ని పసిగట్టే డాప్లర్ రాడార్ చిత్రం, పిడుగులకి 'దామిని' యాప్. దామిని మనమున్నచోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగులు చూపిస్తుంది. ఏదీ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపు వినబడితే చెట్టుకింద నిలబడకుండా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత ఇంకో అరగంట ఇంట్లోనే ఉండాలి. జీడితోటల్లో, మామిడితోటల్లో కాయలు ఏరుకునేవాళ్లు వాన తగ్గిందనుకుని బయటికొచ్చేది ఆ అరగంటలోనే.

నాలుగున్నర బస్సు మాకవరపాలెం చేరకముందే ముందుగాలి వచ్చింది. మొదట దుమ్ము, తర్వాత చల్లటి వాసన, తాటిమట్టలు రోడ్డుమీద పడ్డాయి. పది నిమిషాల్లో మీటరు 38 నుంచి 27కి దిగిపోయింది. వాన మాత్రం పావుగంటే, పెద్ద చినుకులు. తాళ్లపాలెంలో రోడ్డు పొడిగా ఉంది, అక్కడ చుక్క పడలేదు. మామిడికాయలు రాలినచోట రైతుకి ఈ చల్లదనం ఏమీ సంతోషం కాదు.

రాత్రి తొమ్మిదింటికి కాంప్లెక్స్ దగ్గర 31 డిగ్రీలు, తేమ 82 శాతం. పగలు నర్సీపట్నంలో ఉన్నంత తేలిగ్గా కూడా ఊపిరి ఆడలేదు.

ఇక మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగులుతాయంటారు. మృగశిర దాకా అంటే జూన్ 8 వరకూ లోపలి ఊళ్లకి ప్రయాణం పెట్టుకునేవాళ్లు ముందురోజు సాయంత్రం మండలాల జాబితాలో ఊరి పేరు వెతకాలి, గాలి దిశ కూడా చూడాలి. పడమర, వాయవ్యం అని ఉంటే ఫోను చూపించే అంకెకి మూడు నాలుగు కలుపుకుని, పని పదకొండులోపు ముగించుకోవాలి. దక్షిణం, నైరుతి అని ఉంటే ఎండ కాస్త తగ్గుతుంది, ఉక్క పెరుగుతుంది. తీరప్రాంతానికి 37 డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి అంటారు, మైదానానికి ఆ గీత 40. కాబట్టి విశాఖకి జాగ్రత్త అని చెప్పే 'పసుపు' హెచ్చరిక వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. నైరుతి రుతుపవనాలు కేరళని తాకే మామూలు తేదీ జూన్ 1, మన జిల్లాల దాకా రావడానికి ఇంకో పదిరోజులు. ఆలోపు పడే సాయంత్రపు వానలు రుతుపవనాలు కావు. వాటిని నమ్మి దుక్కిలో విత్తనం వేయకూడదు.