నొగ మీద ఎంత బరువు? ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలించిన నా అనుభవం

ఎడ్లబండి నింపేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. బస్తాలు ముందుకి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. కారు వెనక ట్రైలర్‌దీ ఇదే కథ. ట్రైలర్ నొగ కారు హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే అమరిక) బంతి మీద మోపే బరువునే టంగ్ వెయిట్ అంటారు. జనరేటర్, నీళ్ల డబ్బాలు, టెంటు సామాను వేసుకుని జయపురం నుంచి కోరాపుట్, సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగాలి. అందుకని ఒక ఇరుసు, రెండు చక్రాల చిన్న ట్రైలర్ సిద్ధం చేసుకున్నాం. ఎక్కువ సమయం తిన్నది ఈ ఒక్క అంకే.

ముందు కారు మాన్యువల్ తెరవాలి. అసలు ట్రైలర్ లాగొచ్చని అందులో ఉందా లేదా చూడాలి. లేకపోతే అక్కడితో ఆగిపోవడమే మంచిది. అదే మోడల్‌కి విదేశాల్లో ఇచ్చిన అంకె మన దగ్గర చెల్లదు, ఇంజిన్, గేర్‌బాక్స్, దేశాన్ని బట్టి అది మారుతుంది. బంపర్‌లో మరతో బిగించే టో హుక్ ఆగిపోయిన కారును లాగించుకోవడానికి మాత్రమే. బంపర్‌కి దెబ్బ తగలకుండా అని యాక్సెసరీ షాపుల్లో తగిలించే బంతి కూడా చాలాసార్లు అలంకారమే. అసలైన హిచ్ చాసిస్‌కి బోల్టులతో పడుతుంది, దాని ప్లేటు మీద ఎంత లాగొచ్చో, బంతి మీద నిలువుగా ఎంత మోయొచ్చో కొట్టి ఉంటుంది. మాది బంతి మీద 75 కిలోలు. కారు, హిచ్, బంతి, ట్రైలర్ నాలుగింట్లో ఏది తక్కువో అదే హద్దు.

ఇక కారు మోయగలిగేది. ఆర్‌సీలో గ్రాస్ వెయిట్, అంటే నిండు బరువు హద్దు, 2510 కిలోలు, ఖాళీ బరువు 1960. మిగిలింది 550. ఐదుగురు 65 చొప్పున 325, సంచులు 80, హిచ్ ఇనుము 25, టంగ్ వెయిట్ 70, మొత్తం 500. ఎత్తుకెళ్లేది ట్రైలర్ కదా, కారులో ఎంతమందైనా ఎక్కొచ్చు అనుకుంటారు. ఆ 70 కిలోలు డిక్కీలో పెట్టినట్టే లెక్క. నిజానికి అంతకంటే ఎక్కువే, ఎందుకంటే బంతి వెనక ఇరుసుకి అవతల ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2750 మిల్లీమీటర్లు, ఇరుసు నుంచి బంతికి 1100 అయితే, 70ని 3850తో గుణించి 2750తో భాగించాలి. వెనక ఇరుసు మీద 98 కిలోలు పడుతుంది, ముందు ఇరుసు మీద 28 తగ్గుతుంది. టంగ్ బరువు మితిమీరితే స్టీరింగ్ తేలిపోవడం, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూడటం ఇందుకే.

టంగ్ వెయిట్ ఎంత ఉండాలి? అమెరికాలో నిండు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం అంటారు, ఐరోపాలో అంతకన్నా తక్కువతో నడుపుతారు. మా ట్రైలర్ ఖాళీగా 220, సామానుతో 700 కిలోలు. పది శాతం అంటే 70, ప్లేటు మీది 75 దాటదు. నేను దానికే కట్టుబడ్డాను.

కొలవడానికి మొదట రైస్ మిల్లు కాటాకి వెళ్లాం. ట్రైలర్ మొత్తం బరువుకి అది భేషుగ్గా పనికొస్తుంది. కానీ పది కిలోల మెట్టుతో చూపే కాటా మీద 70ని పట్టుకోవడం తవ్వతో పసుపు కొలిచినట్టే. అందుకు ఇంట్లో మనుషులు తూగే మిషనే నయం. సమమైన నేల మీద ట్రైలర్ చక్రాలకి రాళ్లు పెట్టి, కారు నుంచి విడదీసి, మిషన్ మీద చెక్క దుంగ నిలబెట్టి దాని మీద కప్లర్ (నొగ కొసన బంతి మీద కూర్చునే మూతి) దించాలి. నొగని లేపి నిలబెట్టే జాకీ చక్రం నేలకి తగలకూడదు. కప్లర్ ఎత్తు కారుకి తగిలించినప్పుడు ఉండే ఎత్తే ఉండాలి, మూతి కిందికో పైకో ఉంటే అంకె మారిపోతుంది.

మొదట వచ్చింది 28. నాలుగు శాతమే. జనరేటర్ వెనక తలుపు దగ్గరే ఉంది, దించుకోవడం తేలికని. ఇక్కడ ఒక చిన్న సూత్రం పనికొచ్చింది: కదిపిన బరువును కదిపిన దూరంతో గుణించి, ఇరుసు నుంచి కప్లర్‌కి ఉన్న దూరంతో భాగిస్తే టంగ్ వెయిట్‌లో ఎంత మార్పు వస్తుందో తెలుస్తుంది. మాకు ఆ దూరం 2.4 మీటర్లు. 120 కిలోల జనరేటర్‌ని 84 సెంటీమీటర్లు ముందుకి జరిపితే 42 పెరగాలి. మిషన్ 70 చూపింది. చివరి సర్దుబాటుకి 20 లీటర్ల నీళ్ల డబ్బాలు చక్కటి తూకంరాళ్లు, నిండుదాని నీళ్లే 20 కిలోలు. సగం నిండిన పెద్ద డ్రమ్ము మాత్రం వద్దు, మలుపులో నీళ్లు ఒకవైపుకి దూకుతాయి.

బంతి సైజు దగ్గర చాలామంది జారిపోతారు. 50 మిల్లీమీటర్ల బంతీ రెండంగుళాల బంతీ ఒకటి కావు, రెండోది 50.8. చిన్న కప్లర్ పెద్ద బంతి మీద పూర్తిగా కూర్చోదు, పెద్ద కప్లర్ చిన్న బంతి మీద లొడలొడలాడుతుంది. సైజు కప్లర్ మీదే కొట్టి ఉంటుంది. లాక్ పడిందో లేదో తేల్చడానికి పిన్ను పెట్టాక జాకీ చక్రంతో నొగని పైకి లేపండి. కారు వెనకభాగం కూడా లేవాలి. ట్రైలర్‌ని కారుకి కలిపే గొలుసులు కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేయాలి, కప్లర్ ఊడినా నొగ రోడ్డుని పొడవకుండా వాటిలో పడుతుంది.

ట్రైలర్ టైర్ల పక్కన లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత మోయగలదో చెప్పే అంకె) 74 ఉంటే ఒక్కోటి 375 కిలోలు మోస్తుంది, మాకు సరిపోయింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే, రిజిస్ట్రేషన్, నంబరు దానికీ వేరేగా కావాలి. ఇన్సూరెన్స్‌లో ట్రైలర్ సంగతి రాసి ఉందో లేదో కూడా చూసుకోండి.

ఘాట్‌లో దిగేటప్పుడు సొంత బ్రేకుల్లేని ట్రైలర్ 700 కిలోలు వెనక నుంచి కారుని తోస్తూనే ఉంటాయి. ఐరోపాలో బ్రేకుల్లేని ట్రైలర్‌కి 750 కిలోలే గరిష్ఠం, అదీ లాగే బండి బరువులో సగం మించకుండా. సుంకి దాటాక రెండో గేరులోనే దిగాను. ట్రైలర్ తోక ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో సరిచేయబోకండి, కారు బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేస్తే వేగం తగ్గేకొద్దీ ఊగుడు ఆగుతుంది. సాధారణంగా వెనక బరువెక్కువై, వేగం పెరిగినప్పుడే ఇది మొదలవుతుంది.

సాలూరులో ఆగి వీల్ నట్లు మళ్లీ బిగించి, ట్రైలర్ చక్రాల హబ్బుల (నడిమి భాగాల) దగ్గర అరచేయి వెనకభాగం పెట్టి చూశాను. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. ఒకటి మాత్రమే కాలిపోతుంటే బేరింగ్ విప్పాల్సిందే.