ఐయాలిక్ గ్లేసియర్ ముందు కయాక్: మూడో సీజన్ లాగ్

ఏప్రిల్, సియాటిల్

ఆగస్టులో అలాస్కా వెళ్లి ఐయాలిక్ గ్లేసియర్ (మంచునది) ముందు కయాక్ నడపడం ఖాయమైంది. రెండేళ్లుగా ఇక్కడి సముద్రపాయ ప్యూజెట్ సౌండ్‌లో తెడ్డు వేస్తున్నాను గానీ మంచుగడ్డల మధ్యకి వెళ్లడం ఇదే మొదటిసారి. తమ్ముడితో డబుల్ కయాక్‌లో వెళ్తాను కాబట్టి ఈ రెండు నెలలూ మాకు ఒకటే సాధన: కావాలని బోల్తా పడటం, తిరిగి ఎక్కడం. ఒకరు అవతలి పక్క నుంచి పడవని అదిమి పట్టుకుంటే ఇంకొకరు బోర్లా పడుకుని డెక్ మీదకి పాకుతారు. మొదటి రోజు ఇద్దరం ఎక్కేసరికి 4 నిమిషాలు దాటింది. ఆరో వారానికి 1 నిమిషం 40 సెకన్లకి వచ్చాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, చల్లటి నీళ్లకి 1-10-1 అని ఒక లెక్క ఉంది. పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. తర్వాత సుమారు 10 నిమిషాలే చేతులు మన మాట వింటాయి. గంటకల్లా స్పృహ తప్పొచ్చు.

మే

డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూట్) జిప్పు చివర్లో ఒక అంగుళం వేయడం మర్చిపోయాను. 9 డిగ్రీల నీళ్లు తొడ దాకా వచ్చేశాయి. అప్పటి నుంచి నీళ్లలోకి దిగేముందు ఒకరి జిప్పు ఒకరం చేత్తో తడిమి చూస్తున్నాం.

ఆగస్టు, మొదటి రోజు

సీవర్డ్ నుంచి వాటర్ టాక్సీ మీద కయాక్ వేసుకుని ఐయాలిక్ బేకి వచ్చాం. ఇది కెనాయ్ ఫ్యోర్డ్స్ నేషనల్ పార్క్‌లో ఉంది. హార్డింగ్ ఐస్‌ఫీల్డ్ అనే పెద్ద మంచు మైదానం నుంచి దిగిన గ్లేసియర్ ఇక్కడ నేరుగా సముద్రంలో ముగుస్తుంది. దాని ముఖం, అంటే నీళ్ల వైపున్న మంచు గోడ, మైలు వెడల్పు ఉంటుంది. అయితే ఆ మైలు కంటికి అస్సలు తెలియదు. పక్కన చెట్టు లేదు, ఇల్లు లేదు, దేనితో పోల్చుకోవాలి?

"అక్కా, చాలా దగ్గరికొచ్చేశాం, ఆపుదామా?" అన్నాడు తమ్ముడు. నాకూ 400 మీటర్లే అనిపించింది. గైడ్ మమ్మల్ని ఆపి, మంచు విరిగి ముఖం మీద తెల్లటి పొడి రాలగానే, దాని శబ్దం వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టమన్నారు. పొడి రాలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... అప్పుడు వినిపించింది ఉరుము. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి మేం ఉన్నది 1,700 మీటర్ల దూరంలో! అర మైలు (సుమారు 800 మీటర్లు) కన్నా దగ్గరికి వెళ్లకూడదన్నది మా నియమం. అంటే రెండు సెకన్లకే శబ్దం వినిపిస్తే వెనక్కి తిరగాలి.

ఆ రోజంతా అదే ఆట. ముందు నేను అంచనా చెప్పేదాన్ని, తర్వాత వాడు లెక్కపెట్టేవాడు. ఆరు సార్లూ నా అంచనా అసలు దూరంలో సగం కూడా లేదు.

రెండో రోజు

చిన్న ముక్కల మధ్య పడవ ఆపి తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాం. చుట్టూ పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఒకటే సవ్వడి. మంచులో ఎన్నో ఏళ్లుగా ఇరుక్కున్న గాలి బుడగలు, మంచు కరిగేకొద్దీ పగులుతున్నాయి. అరచేతి దూరంలో ఒక ముక్క గాజులా తేలుతోంది, లోపల బుడగ లేదు, తెలుపు లేదు. భయపడాల్సింది ఇలాంటి వాటికే. తెల్లటివి దూరం నుంచే కనిపిస్తాయి, ఇవి పడవకి తగిలేదాకా కనిపించవు. అందుకే గీతలకి తట్టుకునే ప్లాస్టిక్ పడవ తీసుకోవడం మంచిదైంది.

పెద్ద గడ్డల జోలికి పోలేదు. పదో వంతే పైన ఉంటుంది, కింద కరిగి బరువు మారితే హఠాత్తుగా తిరగబడతాయి. ఎత్తుకి ఐదు రెట్ల దూరం పాటించాం. సీల్స్ ఎక్కి పడుకున్న మంచుకైతే 500 గజాల దూరం. అవి బెదిరి నీళ్లలోకి దూకితే పిల్లలు తల్లుల నుంచి విడిపోయే ప్రమాదం ఉంది.

మధ్యాహ్నం ఆటుపోటు మారి, గాలి తిరిగి, మేం చేరాల్సిన గట్టు ముందు మంచు మూసుకుపోయింది. తోసుకుంటూ వెళ్దామని నాకు చాలా అనిపించింది. కానీ గంటన్నర ఆగాం. ఆ గంటన్నరలో అన్నిటికన్నా ముందు చల్లబడింది చేతులే. నా నియోప్రీన్ గ్లవ్స్ తడిసి పనికిరాకుండా పోయాయి. తమ్ముడు తెడ్డుకి తొడిగిన పోగీస్‌లో (తెడ్డు పిడికి తగిలించే చేతి తొడుగులు) చేతులు పెట్టుకుని హాయిగా ఉన్నాడు. థర్మాస్‌లో వేడి అల్లం టీ ఉండబట్టి సరిపోయింది.

మూడో రోజు

పొద్దున ఎడమ మూల నుంచి ఒక మంచు స్తంభం మొత్తం జారింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు, నేను లోపలే లెక్కపెట్టుకున్నాను. గైడ్ చెప్పినట్టు గట్టు వైపు వెళ్లకుండా లోతు నీళ్లలోనే ఉండి పడవ ముక్కుని అల వైపు తిప్పాం, ఎందుకంటే లోతు తగ్గిన చోటే అల విరుగుతుంది. నిమిషం దాటాక వచ్చింది, పడవని మెల్లగా ఎత్తి దించి పోయింది. ఆ వెనకే గట్టు మీద రాళ్లు దొర్లిన చప్పుడు. రాత్రి కయాక్‌ని బాగా పైకి లాగి చెట్టుకి కట్టినందుకు సంతోషించాను.

వచ్చే సీజన్‌కి మార్చాల్సినవి: నాకూ పోగీస్, విడిగా ఒక జత పొడి గ్లవ్స్, ఛాతీకి తగిలించుకునే వీహెచ్ఎఫ్ (పడవలు మాట్లాడుకునే) రేడియో (డెక్ బ్యాగ్‌లోది బోల్తా పడితే చేతికి అందదు).

నోట్‌బుక్‌లో చివరి వరస: నా అంచనా 900 మీటర్లు, లెక్క మూడు సెకన్లు.