పాత పెట్రోల్ బంకు కింద నేలను, నీటిని శుభ్రం చేయించిన నా అనుభవం

చాలా ఏళ్లు పెట్రోల్ బంకుకు లీజుకిచ్చిన మా కుటుంబ స్థలం, బంకు మూతపడిన తరువాత తిరిగి మా చేతికి వచ్చింది. అక్కడ ఏం కట్టాలన్నా ముందు నేలను పరీక్షించాలని పర్యావరణ ఇంజినీరు ఒకరు చెప్పారు. ట్యాంకులు ఇంకా భూమిలోనే ఉన్నాయి. రక్షణ పూత లేని ఉక్కు తేమ నేలలో తుప్పుపట్టి చిల్లులు పడుతుందని నాకు తెలుసు గానీ, ట్యాంకు నుంచి పంపు వరకు వెళ్లే పైపుల అతుకుల దగ్గర కూడా తరచుగా కారుతుందన్న సంగతి ఆయన చెప్పాకే తెలిసింది.

ట్యాంకులో పెట్రోల్ లేకపోయినా ఆవిరి మిగిలే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి దాదాపు 1.4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకని లోపలి గాలిని బయటికి నెట్టేలా డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేసి, ప్రాణవాయువు తగినంత తగ్గిందని మీటరుతో నిర్ధారించుకున్నాకే క్రేన్‌తో పైకి తీశారు. గుంత అంచుల్లో గోధుమరంగులో ఉన్న మట్టి, ట్యాంకు అడుగున మాత్రం బూడిద రంగుకు తిరిగి ఉంది. ఇంజినీరు ఆ మట్టిని గుప్పెడు తీసి ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి, కాసేపాగి పెట్రోల్ ఆవిరిని కొలిచే మీటరు ముక్కు లోపలికి దూర్చగానే అంకెలు పెరుగుతూ పోయాయి.

వాసన వచ్చే మట్టినంతా తవ్వి పారబోసి, కొత్త మట్టి నింపితే సరిపోతుందని గుత్తేదారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారిన పెట్రోల్ నేలలో కిందికి దిగి భూగర్భ జలాన్ని చేరుతుంది, నీటికన్నా తేలిక కనుక దానిపై తేలుతుంది, అందులోని బెంజీన్ అనే రసాయనం కొద్దికొద్దిగా కరిగి నీటితోపాటు పక్క స్థలాల కిందికి సాగిపోతుంది. క్యాన్సర్ కారకమైన బెంజీన్ తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంత స్వల్ప పరిమాణం వాసనకు అందదు, కాబట్టి గుంత ఎంత శుభ్రంగా కనిపించినా, నీటిని పరీక్షించకుండా పూడ్చడం నాకు సమ్మతం కాలేదు.

నీరు ఏ దిక్కుకు పారుతోందో తెలియాలంటే కనీసం మూడు చోట్ల నీటిమట్టం కొలవాలి. మేము అంతకన్నా ఎక్కువ పరిశీలక బావులే (నీటిమట్టం కొలవడానికి, నమూనాలు తీయడానికి వేసే సన్నని బోర్లు) వేయించాం. సన్నని చీలికలున్న ప్లాస్టిక్ పైపును దించి, చుట్టూ ఇసుక పోసి, పైనుంచి వాన నీరు దిగకుండా తడిస్తే ఉబ్బి సందులు మూసే బెంటోనైట్ మట్టితో బిగించారు. నమూనాలు పట్టే తీరు చూస్తే నాకు ఆ పని మీద గౌరవం కలిగింది. 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో నీటిని అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి, బుడగ కనిపిస్తే ఆ సీసాను పక్కన పెట్టేసేవారు, ఎందుకంటే బెంజీన్ ఆ బుడగలోకి ఆవిరైపోతే ప్రయోగశాలలో వచ్చే అంకె అసలుకన్నా తక్కువగా ఉంటుంది.

ట్యాంకులున్న చోటికి దగ్గరి బావిలోంచి పారదర్శకమైన గొట్టంతో నీరు తీస్తే, పైన పసుపురంగు పెట్రోల్ పొర స్పష్టంగా కనిపించింది. ముందు దాన్ని తోడేయించాం. ఆ తరువాతే నేలలోని ఆవిరిని వాక్యూమ్ పంపుతో లాగి ఆవిరిని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) గుండా పంపడం, నీటిమట్టానికి దిగువన గాలి ఊదడం మొదలుపెట్టారు. ఆ గాలి నీటిలోని బెంజీన్‌ను ఆవిరిగా పైకి తెస్తుంది, మట్టిలో సహజంగా ఉండి ఈ రసాయనాలను తినే బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్‌ను కూడా అందిస్తుంది.

ఇసుక పొరల్లో కాలుష్యం త్వరగా తగ్గింది, బంకమట్టిలో మాత్రం మొండికేసింది. యంత్రాలు ఆపించి కొంతకాలం ఆగి మళ్లీ పరీక్షిస్తే, బంకమట్టిలో ఇరుక్కున్న బెంజీన్ మెల్లగా నీటిలోకి దిగి అంకెలు మళ్లీ పెరిగాయి. నా దృష్టిలో ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యమైనది. యంత్రం నడుస్తుండగా వచ్చిన మంచి ఫలితాన్ని చూసి పని ముగించి ఉంటే, దిగువనున్న బావుల వాళ్లకు అన్యాయం జరిగి ఉండేది. అందుకే ఖర్చు పెరిగినా మళ్లీ నడిపించాం. నీటిమట్టం పెరిగే వానాకాలంలోనూ, పడిపోయే ఎండాకాలంలోనూ నమూనాలు తీయించాం, ఎందుకంటే మట్టం మారినప్పుడల్లా పైపొరల్లో అంటుకున్న పెట్రోల్ మళ్లీ నీటికి తగులుతుంది.

యంత్రాలు ఆపాక కూడా ఫలితాలు వరుసగా పరిమితికి లోపలే నిలిచాయి. అప్పుడు అధికారులు ఇక చర్యలు అక్కర్లేదని లేఖ ఇచ్చారు, అయితే ఆ స్థలంలో తాగునీటి బోరు వేయరాదన్న షరతు పెట్టారు. పరిశీలక బావులను వదిలేస్తే పైనుంచి కాలుష్యం లోపలికి దిగడానికి అవే దారులవుతాయి కాబట్టి, అన్నిటినీ అడుగు నుంచి పైదాకా సిమెంటు ముద్దతో పూడ్పించాను. ఆ లేఖను, బావుల పటాన్ని, ప్రయోగశాల ఫలితాలను స్థలం దస్తావేజులతో కలిపి ఉంచాను, రేపు ఈ స్థలం ఎవరి చేతికి వెళ్లినా ఆ షరతు వారికి తెలియాలి.